ప్రతి పదో పేజీ

ముందుగా పోయినవాటి లెక్క. చేతిరాత కాగితాలు నలభై ఒకటి. వాటి మీద వరుసలు, కాగితానికి ఇరవై ఆరు చొప్పున, వెయ్యిన్నీ అరవై ఆరు. నా నిద్ర పదకొండు రాత్రులు. అవి రాసినామె ఆదివారాలు పదిహేడు. నేను ఎదురుపడగానే "తిన్నవా అన్నా" అని అడిగే ఆమె అలవాటు ఒకటి. అది మూడున్నరేళ్ల తర్వాత తిరిగి వచ్చింది కనుక దాన్ని సగం నష్టం కింద రాసుకున్నాను. ఆ కాగితాలను నేను రిజిస్టర్ పోస్టులో పంపినప్పుడు ఇచ్చిన రసీదు మాత్రం పోలేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది. పోయింది పంపినప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు. కాబట్టి ఆ రసీదు దేనికీ పనికిరాదు.

మొదటి నవల రాసి, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియని పిల్లలు ఈమధ్య అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. నాకు సాహిత్యం తెలుసని కాదు. ఒక నవలకు ఏజెంటును వెతికే పనిలో నేను ఏం చేశానో ఎవరో వాళ్లకు చెబుతున్నారు. ఆ సంగతి నా నోటితోనే ఒకసారి చెబితే మంచిదని రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లు ఒక విత్తనాల ప్లాంటులో శాంపిల్ తీసే ఉద్యోగం చేశాను. మేడ్చల్ నుంచి గౌడవెల్లి వెళ్లే దారిలో ఉండేది. ఇప్పుడు అక్కడ ప్లాట్లు. పదో తరగతిలో లెక్కలు తప్ప మిగతావన్నీ తప్పినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేను నేర్చుకున్నదే. పని ఇలా ఉండేది. రైతుల దగ్గర నుంచి వచ్చిన విత్తనం సంచులు గోడౌనులో లాటు లాటుగా, అంటే ఒక్కో విడత ఒక్కో చోట, పేర్చి ఉంటాయి. మొన ఉన్న ఇత్తడి గొట్టాన్ని ప్రతి పదో సంచిలో గుచ్చి గింజలు తీయాలి. తీసినవి కలిపి మూడు పొట్లాలు చేయాలి. ఒకటి మొలక పరీక్షకు, ఒకటి పై ఆఫీసుకు. మూడోది సీలు వేసి మా బీరువాలో ఉంచుకుంటాం. రేపు ఎవరైనా వచ్చి నిలదీస్తే ఆ మూడో పొట్లమే సాక్షి.

సంచి మూతి దగ్గర మాత్రం ఎప్పుడూ గింజలు తీయకూడదు. మంచి గింజలు పైన పోసి, తాలు కింద పెట్టి తెచ్చేవాళ్లను చాలామందిని చూశాను. పైపైన చూసి లాటును మెచ్చుకునేవాడు శాంపిల్ ఉద్యోగానికి పనికిరాడు. ఇది నా నరనరాన పట్టిన విషయం. దీన్ని గుర్తుపెట్టుకోండి.

నేను పుట్టుకతోనే భయస్తుణ్ణి. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, మొలక పరీక్షకు నాలుగు వందల గింజలు లెక్కపెట్టాల్సిన చోట మూడు వందల ఎనభై లెక్కపెట్టి సంతకం పెట్టాను. ఆ లాటు విత్తనం కొన్న రావల్కోల్ రైతు ఒకాయన, చేనులో మొలక రాక, మా గేటు ముందు వచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు, అరవలేదు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఊరికే నిలబడి వెళ్లిపోయాడు. నేను వదిలేసిన ఇరవై గింజల వల్లే ఆయన చేను పోయిందని కాదు. కానీ ఆ రోజు నుంచి ప్రతిదీ రెండుసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆ కాగితాలు రాసినామె మా ప్లాంటులోనే మొలక గదిలో పనిచేసేది. తడి కాగితాల మీద గింజలు వరసగా పేర్చి, చుట్టచుట్టి, వారం తర్వాత విప్పి మొలిచినవెన్ని, మొలవనివెన్ని అని చెప్పే పని. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. పుట్టిల్లు శామీర్‌పేట వైపు, అత్తగారిల్లు గౌడవెల్లి. మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకుంటే ఆమె ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాసేది. ఏళ్లు గడిచిన మొలక రిజిస్టర్ల కాగితాలు కాల్చేయమని మేనేజరు పక్కన పడేయించేవాడు. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాని మీద రాసేది.

ఒకరోజు ఆ కట్ట చూశాను. బెత్తెడు మందం ఉంది.

"ఏంది చెల్లె ఇది?"

"నవల అన్నా."

"ఎన్ని పేజీలు?"

ఆమె నవ్వింది. "ఎవలైనా కథ ఏందని అడుగుతరు. నువ్వు పేజీలు అడుగుతున్నవ్."

"ఎన్నున్నయ్ మరి?"

"నేను లెక్కవెట్టలే."

నేను లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. కుడి మూలన ఎర్ర పెన్సిలుతో నంబర్లు వేసింది కూడా నేనే. ఒక నవలకు నా చేతుల మీదుగా జరిగిన మంచి పని అదొక్కటే.

మేడ్చల్ శాఖా గ్రంథాలయంలో ఒక లైబ్రరీ సారు ఉండేవారు. ఆమె ఆయన దగ్గరే పుస్తకాలు తీసుకెళ్లేది. నవల అచ్చులో చూసుకోవాలంటే దారేమిటని ఇద్దరం వెళ్లి అడిగాం.

"వారపత్రికకు సీరియల్‌కు పంపొచ్చు," అన్నారాయన. "లేకుంటే సొంతంగ అచ్చేసుకోని ఇల్లిల్లు తిరిగి పంచొచ్చు. తెలుగుల నవలకు ఏజెంటు అనేటోడు లేడు. గనీ పేపర్ల ఒకటి జూసిన."

ఆయన కత్తిరించి పెట్టుకున్న ముక్క చూపించారు. సికింద్రాబాదులో ఒక పెద్దావిడ. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తెలుగు నవలలు చదివి, నచ్చినవాటిని ఇంగ్లీషులోకి మార్పించి, ఢిల్లీ ప్రచురణకర్తలకు చూపిస్తారట.

"ప్లాటుకు ఏజెంటున్నట్టు నవలకు గీమె," అన్నారు సారు.

ఆమెకు వెంటనే అనుమానం వచ్చింది. "ప్లాటోడు రెండు దిక్కుల తింటడు సార్. గీమెనో?"

"గీమె రాసినోల్ల దిక్కే. పుస్తకం తీసుకునేటోడు దొరికినంకనే ఆమె వాట. సదివెతందుకు ముందుగాల పైసలియ్యుమని ఎవలన్న అడిగితే గాడికెల్లి లేచి రా బిడ్డా."

ఈ మాట మీకూ చెల్లుతుంది. ఇప్పటికీ చెల్లుతుంది.

ఉత్తరం రాస్తే పది రోజులకు కార్డు వచ్చింది. పరిచయం ఒక పేజీ, కథ మొదటి నుంచి ముగింపు దాకా రెండు పేజీలు, నవలలోంచి నలభై పేజీలు, సొంత చిరునామా రాసిన తిరుగు కవరు ఒకటి పంపమన్నారు.

"ముగింపు గూడ ముందే చెప్తే ఇగ ఆమె ఎందుకు సదువుతది?" అని ఆమె అడిగింది.

"దాసిపెట్టకు," అన్నారు లైబ్రరీ సారు. "ఆమె నీ పాఠకురాలు గాదు. నీ సరుకు ఇంకొకలకు జూపెట్టాలె. అండ్ల ఏమున్నదో ఆమెకు తెల్వకుంటెట్ల?"

ఆమె రెండు పేజీల్లో రాసింది. శామీర్‌పేట వైపు ద్రాక్షతోటల్లో పనిచేసే అక్కాచెల్లెళ్ల కథ. తోటలు కొట్టేసి ప్లాట్లు వేయడంతో ముగుస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు కనుక తిరుగు కవరు మీద నా చిరునామా రాయమంది. నలభై పేజీలు తీసి పంపే పని కూడా నాకే అప్పగించింది.

"నువ్వే సూస్కో అన్నా."

ఆ సాయంత్రం ఇంట్లో కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. కార్డులో ఏ నలభై అని లేదు. మొదటి నలభై తీయాలని మీలో ఎవరికైనా తడుతుంది. నాకు తట్టలేదు. మొదటి నలభై అంటే సంచి మూతి దగ్గరి గింజలు. రాసేవాళ్లు బాగున్నది పైన పెడతారని ఆ పెద్దావిడ అనుకోరా? మా చెల్లె సరుకు అడుగు దాకా మంచిదేనని తెలియాలంటే అడుగు దాకా గుచ్చాలి. పది, ఇరవై, ముప్పై అని తీసుకుంటూ పోయాను. నాలుగు వందల పది దగ్గర ఆగేసరికి నలభై ఒకటి అయ్యాయి. ఒకటి ఎక్కువే పోనీ అనుకున్నాను. చాలా తృప్తిగా ఉంది.

అంతకు ముందే జిరాక్సు ప్రయత్నం చేశాను. బస్సు డిపో దగ్గర కొట్లో రెండు కాగితాలు తీయిస్తే, ముందువైపు గడులూ అంకెలూ వెనక రాత మీదికి నల్లగా పొడుచుకొచ్చాయి. కొట్టతను ఆ కాగితం ఎత్తి పట్టుకుని, "గిది నవలనా సారు, కరెంటు బిల్లా?" అన్నాడు. చేత్తో ఎత్తి రాయడానికి పేజీకి అరగంట. నలభై ఒకటికి ఇరవై గంటల ముప్పై నిమిషాలు. ఆ లెక్క కూడా వేశాను. వేసి, అక్కర్లేదనుకున్నాను. తిరుగు కవరుకు మామూలు తపాలా బిళ్లలే అంటించాను, రిజిస్ట్రీ అయితే ఆ పెద్దావిడ పోస్టాఫీసులో లైనులో నిలబడాలి కదా అని.

ఇరవై రెండేళ్లలో మూడో పొట్లం సీలు వేయకుండా నేను ఒక్క లాటు కూడా పంపలేదు. పంపింది ఇదొక్కటే.

మర్నాడు ఆమె అడిగింది. "ఏవి పంపినవన్నా? మొదటియేనా?"

"అన్నింట్ల కెల్లి తీసిన."

"సదివి, మంచియి ఏరినవ్ గావచ్చు," అంది సంతోషంగా.

నేను కాదనలేదు. నా వైపు నుంచి అసలు తప్పు అక్కడుంది. నేను ఆ నవల ఒక్క పేజీ కూడా చదవలేదు. లెక్కపెట్టాను, అంతే.

అయిదు వారాల తర్వాత, ఒక మంగళవారం, ఉత్తరం వచ్చింది. పెద్దావిడ దస్తూరి గుండ్రంగా ఉంది. "మీరు పంపిన పేజీలు ఒకదాని తర్వాత ఒకటి లేవు. ఎవరు ఎవరో తెలియలేదు. ఇలా ఎందుకు పంపారో అర్థం కాలేదు. కానీ అక్క నీలం చేతులకు గుడ్డ చుట్టుకుని చెల్లెలి తల దువ్వే పేజీని మూడుసార్లు చదివాను. నవల మొత్తం పంపండి. ఈ పేజీలను మీ కవరులో పెట్టి ఈరోజే విడిగా పోస్టు చేస్తున్నాను."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సైకిలెక్కి ఆమెకు చెప్పడానికి బయల్దేరాను కూడా. పేజీలు కూడా వచ్చాక రెండూ ఒకేసారి చేతిలో పెడితే బాగుంటుందని దారిలోంచి వెనక్కి తిరిగాను.

బుధవారం రాలేదు. గురువారం రాలేదు. శుక్రవారం మేడ్చల్ పోస్టాఫీసుకు వెళ్లాను.

"రిజిస్ట్రీనా?" అన్నాడు కిటికీలో ఉన్నాయన.

"కాదు."

"నంబరు లేకుంటే నేనేడ దేవులాడాలె సారు? సంచులకు సంచులొస్తయ్. కంప్లయింటు రాసియ్యి. కవర్ల ఏమున్నయో కూడ రాయి."

కలం తీసుకున్నాను. ఏమున్నాయో రాయాలి. కాగితాల వెనక ఒక నవల, ముందు మా కంపెనీ పేరు, లాటు నంబర్లు, మొలక శాతాలు. కాల్చేయాల్సిన కాగితాలవి. అవి బయట తిరుగుతున్నాయని మేనేజరుకు తెలిస్తే ఆమె ఉద్యోగం, నా ఉద్యోగం, రెండూ పోతాయి. కలం అక్కడే పెట్టి వచ్చేశాను. అప్పటిదాకా ఒక భయం. అక్కడి నుంచి రెండు. ఎవరికీ దొరకకపోతే నవల పోతుంది, ఎవరికైనా దొరికితే ఉద్యోగాలు పోతాయి. దొరకాలని మొక్కుకోవాలో వద్దో కూడా తెలియని పరిస్థితి. ప్లాంటులో ఫోను మోగితే నా చేతిలో గొట్టం ఆగిపోయేది. మేనేజరు ఎవరిని పిలిచినా నన్నే పిలిచినట్టుండేది. ఆమె మాత్రం రోజూ, "ఏమన్న వచ్చిందా అన్నా?" అని అడిగేది. "ఇంక లేదు చెల్లె," అనేవాణ్ణి. ఉత్తరం నా జేబులోనే ఉండేది.

ఆదివారం సికింద్రాబాదు వెళ్లాను. ఆ పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటే దొరికింది. గదినిండా కాగితాల కట్టలు, ప్రతి కట్ట మీద తేదీ రాసిన చీటీ. ఈమె పోగొట్టే మనిషి కాదు.

"నేనే తీసుకెళ్లి డబ్బాలో వేశానండీ," అన్నారావిడ. "మీరంటించిన బిళ్లలకు రిజిస్ట్రీ రాదు. ఎత్తి రాసిన నకళ్లే కదా?"

"కాదమ్మా. అసలియే."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. "అసలువని మీరు ఒక్క ముక్క రాయలేదే. రాస్తే నేను మనిషిని పెట్టి పంపేదాన్ని." ఆ తర్వాత అడిగారు. "పదేసి పేజీలకు ఒకటి ఎందుకు తీశారు?"

చెప్పాను. సంచులు, గొట్టం, మూతి దగ్గరి గింజలు. ఆవిడ నవ్వలేదు.

"ఏ పేజీలో ఏముందో చదివే తీశారా?"

"లేదమ్మా. లెక్కవెట్టిన."

ఆ మాట అంటున్నప్పుడు నాకు రావల్కోల్ రైతు గుర్తొచ్చాడు. నష్టపోయిన ఆయన గేటు బయట నిలబడ్డాడు. నష్టం చేసిన నేను ఇక్కడ లోపల కూర్చుని ఉన్నాను.

"నేను ఆగుతాను," అన్నారావిడ. "ఎన్నాళ్లయినా ఆగుతాను. కానీ రాసినావిడకు మీరు ఈరోజే చెప్పాలి."

ఆ రోజు చెప్పలేదు. సోమవారం చెప్పలేదు. గురువారం దాకా చెప్పలేదు. అప్పటికి ఉత్తరం వచ్చి పది రోజులు. పొద్దున లేవగానే ఈరోజు అనుకునేవాణ్ణి. ఆమె కనబడగానే రేపు అనుకునేవాణ్ణి. గురువారం మధ్యాహ్నం ఆమే అంది, "రేపు ఆ కట్ట పట్టుకరా అన్నా. మిగిలినయే. ఒకని పేరు మార్చాలె అండ్ల."

ఇక దాచడానికి వీల్లేదు. కట్టలో ఎక్కడ చూసినా తొమ్మిది తర్వాత పదకొండే ఉంటుంది.

శుక్రవారం మొలక గదిలోకి వెళ్లాను. ఆ గది ఎప్పుడూ వెచ్చగా, తడి కాగితం వాసనతో ఉంటుంది. ఆమె ఒక చుట్ట విప్పి మొలకలు ఏరుతోంది. పక్క బల్ల దగ్గర ఇంకొకామె పని చేస్తోంది. నేను కట్ట బల్ల మీద పెట్టాను.

"చెల్లె, అండ్ల నలభై ఒకటి లెవ్వు."

"ఎర్కే గద. ఆమె దగ్గరున్నయ్."

"ఆమె పంపింది. మనకు చేరలే."

ఆమె చేతిలో ఒక మొలక ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది. "నీకెన్నడు ఎర్కయింది?"

"ఉత్తరమొచ్చి పదకొండు రోజులాయె."

"పదకొండు రోజులు నా పక్కపొంటి కూసోని సద్ది తిన్నవ్."

ఆమె కట్టను తన వైపు లాక్కుంది.

"ఏ పేజీలవి?"

నోటుపుస్తకం తీసి చూపించాను. పది, ఇరవై, ముప్పై, నలభై. ఆమె వేలు ఆ వరస మీద కిందికి దిగింది. "గిదేంది? గిట్లెందుకున్నది?"

సికింద్రాబాదులో చెప్పిందే మళ్లీ చెప్పాను. ఈసారి ఇంకా చిన్న గొంతుతో.

"అంటే నువ్వు సదువలే."

"సదువలే."

"వడ్ల సంచి గుచ్చినట్టు గుచ్చినవ్."

పక్క బల్ల ఆమె తల తిప్పింది. "ఏమైందే? లాటు ఫేలయిందా?"

"ఆఁ," అంది ఈమె. "నా లాటే."

వేలు ఇంకా దిగుతోంది. రెండు వందల డెబ్బై దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. నేను జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. మడిచి, విప్పి, మళ్లీ చదివింది.

"అది మా అక్క," అంది. "ద్రాక్షలకు మైలుతుత్తం కొట్టేది. చేతులు ఎప్పటికీ నీలం. నాకు తలదువ్వేటప్పుడు గుడ్డ చుట్టుకునేది, వెంట్రుకలకు అంటద్దని. గా పేజీ ఒక్కనాడు రాసిన. మల్ల దాన్ని సదువుకోలే. సదువుతే చింపేస్తననిపించి, కట్టల వెట్టి మూసేసిన."

కట్ట తీసి వెతికింది. రెండు వందల అరవై తొమ్మిదో పేజీ చివర ఇలా ఉంది: "అక్క చేతులకు గుడ్డ చుట్టుకొని, దువ్వెన పట్టుకొని, రమ్మని పిలిచింది. అప్పుడు". దాని తర్వాత రెండు వందల డెబ్బై ఒకటి మొదలయ్యేది ఇలా: "తెల్లారి మందు కొట్టడానికి ఎనిమిది మంది పోయిండ్రు. పొద్దుగూకేటాళ్లకు ఏడుగురు వచ్చిండ్రు."

నా జీవితంలో ఆ నవలలో నేను చదివిన మొదటి రెండు ముక్కలు అవి.

ఆమె ఏడవలేదు. ఆ మధ్యాహ్నం నాతో కలిసి తినలేదు. సాయంత్రం తనే పోస్టాఫీసుకు వెళ్లి కంప్లయింటు రాసిచ్చింది. నేను అడిగాను, ముందువైపు సంగతి ఏం రాసినవని. "చేతిరాత కాగితాలు నలభై ఒకటి అని రాసిన," అంది. "ముందుదిక్కు ఏమున్నదో అడిగెటోడెవడు?" నేను వారం రోజులు మోసిన భయం ఆమెకు ఒక్క వాక్యం. కంప్లయింటుకు జవాబు రాలేదు. కాగితాలూ రాలేదు. మేనేజరు దాకా కూడా ఏదీ చేరలేదు. కానీ ప్లాంటు మూతపడేదాకా ఆ నలభై ఒకటి ఎక్కడో ఏదో బల్ల మీద, ముందువైపు పైకి తిరిగి ఉన్నట్టు నాకు అనిపిస్తూనే ఉండేది.

తర్వాత పదిహేడు ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చున్నాం. లైబ్రరీ సారు మూలన ఒక బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. నేను తొమ్మిదో పేజీ చదివేవాణ్ణి, పదకొండోది చదివేవాణ్ణి, ఆమె మధ్యది రాసేది. అవసరమైన మాటలు తప్ప నాతో మాట్లాడేది కాదు. అలా ఆ నవల నేను మొత్తం చదివాను, కంతలతో సహా. అయిదు పేజీలకు ఆమె దగ్గర చిత్తుప్రతులు దొరికాయి. ఇరవై ఎనిమిది జ్ఞాపకం మీద తిరిగి రాసింది. ఏడు చోట్ల ముందు పేజీ, తర్వాతి పేజీ రెండుసార్లు చదివించుకుని, "అవి పోయినట్టు తెలుస్తలేదు. వద్దు పో," అంది. ఏడు పేజీలు ఊరికే ఉన్నాయని నా గొట్టం వల్ల తేలిందని లైబ్రరీ సారు ఒకసారి హాస్యమాడబోయారు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన మళ్లీ అనలేదు.

రెండు వందల డెబ్బై కోసం తొమ్మిదిసార్లు కూర్చుంది. తొమ్మిదిసార్లూ చింపేసింది. చివరికి ఎస్‌టీడీ బూతు నుంచి పెద్దావిడకు ఫోను చేయించాను. మూడుసార్లు చదివిన మనిషి కదా. ఆవిడకు గుర్తున్నదంతా చెప్పారు, నిదానంగా, రెండు నిమిషాలకు పైగా. ఆమె విని, ఫోను పెట్టేసి, బయటికి వచ్చింది.

"రాసుకో చెల్లె, మరువకముందే," అన్నాను.

"అది ఆమె సదివింది. నేను రాసింది గాదు," అంది.

నవల మొత్తం ఆ పేజీ లేకుండానే వెళ్లింది. ఈసారి ఇంట్లో అసలు కట్ట, లైబ్రరీ సారు బీరువాలో ఒక నకలు ఉంచి, ఇంకో నకలు పంపాం. రెండు నకళ్లూ నేనే చేత్తో ఎత్తి రాశాను. గంటలు చెప్పను. పెద్దావిడ అయిదుగురు ప్రచురణకర్తలకు చూపించారు. నలుగురు వద్దన్నారు, ప్రతిసారీ ఆవిడ ఆ సంగతి ఉత్తరం రాసి తెలిపారు. మంచి ఏజెంటు గుర్తు అదేనని నా అభిప్రాయం, వద్దన్న సంగతి కూడా దాచకపోవడం. అయిదోవాళ్లు తీసుకున్నారు. ముందు ఇంగ్లీషులో వచ్చింది. ఆమె రాసిన భాషలో రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ అధ్యాయాన్ని అచ్చులో రెండు వందల అరవై తొమ్మిదో పేజీ మాటలతోనే ఆపేశారు, "రమ్మని పిలిచింది" దగ్గర. చివరి "అప్పుడు" తీసేశారు. చదివినవాళ్లలో ఒక్కరు కూడా అక్కడ ఏదో లేదని అనలేదు.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు మూడు మాటలు చెబుతాను, నాలుగోది చెప్పను. ఏజెంటు అడిగితే మొదటి పేజీలు పంపండి, వరసగా పంపండి. అసలు ప్రతి చెయ్యి దాటనివ్వకండి. మీ తరఫున వెళ్లే మనిషి మీ నవల చదివాడో లేదో ముందు అడగండి, చదవకపోతే వాణ్ణి పంపకండి, వాడు ఎంత జాగ్రత్తపరుడైనా.

నాలుగోది నా సొంతం. ఇంగ్లీషు పుస్తకం వచ్చిన రోజు ఆమె ఆ పాత కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ తానే ఉండనీ అన్నా. ఇంట్ల ఉంటే నేను తీసి సూస్త." వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "తిన్నవా?" అంది. ఆ తర్వాత కట్టను ఏటా ఒకసారి విప్పుతాను, పురుగు పట్టిందేమోనని. విప్పినప్పుడల్లా లెక్కపెడతాను, రెండుసార్లు. రెండు వందల అరవై తొమ్మిది తర్వాత ఒక తెల్ల కాగితం పెట్టి ఉంచాను. కుడి మూలన ఎర్ర పెన్సిలుతో నంబరు వేసి ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోను.

మొన్న ఆమె మేడ్చల్ బస్టాండులో కనబడింది. జుట్టు తెల్లబడింది.

"ఇంకెన్ని బాకీ అన్నా?" అని నవ్వుతూ అడిగింది.

పంపినవి నలభై ఒకటి. చిత్తుల్లో దొరికినవి అయిదు, తిరిగి రాసినవి ఇరవై ఎనిమిది, వద్దనుకున్నవి ఏడు.

"ఒకటి," అన్నాను.